నీలం రాయి, మా ఆయన వేలు

కంసాలి ఇంట్లో పుట్టినందుకు నాకు మిగిలిన ఆస్తి ఒక్క తలనొప్పి. ఫలానా ఆమె కంసాలి కూతురట అని తెలియగానే ఎదుటివాళ్ళ చెయ్యి నా ముక్కు కిందికి వస్తుంది. "అక్కా, గిది అసలుదేనా, జర చూడు." పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఒకసారి దవాఖానాలో మందుల లైన్లో నిలబడ్డప్పుడు కూడా. పైగా నేను చేసేది జాకెట్లు కుట్టే పని. సత్తుపల్లి దగ్గర బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో మా ఇల్లు, ముందు గదిలో నా మిషను. కొలతలకి వచ్చిన ప్రతి మనిషీ చెయ్యి చాపాల్సిందే. నేను టేపు తీసేలోపే ఉంగరం వేలు ముందుకు జరుగుతుంది.

నా నోరు ఊరుకోదు. చూసింది చూసినట్టు చెప్పేస్తాను. పక్క క్వార్టరామె కొత్త పగడం ఉంగరం చూపించి, కుజదోషం పోతుందట అని సంబరపడుతుంటే నేను కొలతలు రాసుకుని ఊరుకోవాల్సింది. "పగడం అసలు రాయే కాదు తల్లీ. సముద్రం అడుగున చిన్న చిన్న ప్రాణులు కట్టుకున్న గూడు. నీ వేలికున్నది ఆ గూడు కూడా కాదు, ప్లాస్టిక్. సూది కాల్చి ఆనిస్తే వాసనొస్తది, ఆనియ్యమంటవా?" అన్నాను. ఆమె ఆనించనివ్వలేదు. కుట్టమని ఇచ్చిన గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆమె జాకెట్లు బజారులోనే కుట్టించుకుంటుంది, భుజాల దగ్గర ముడతలు పడుతున్నా సరే.

ఈ రాళ్ళ పిచ్చి జ్ఞానమంతా మా నాన్న నుంచి అంటుకున్నదే. పెనుబల్లి దగ్గర ఒక పల్లెలో ఆయన కొట్టు. కొట్టంటే ఇంటి ముందు గదిలో ఒక పొట్టి బల్ల, కుంపటి, ఊదుగొట్టం, పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం. స్కూలు నుంచి రాగానే ఆ బల్ల పక్కన కూర్చునేదాన్ని. ఆయనకి మాటలు తక్కువ. ఒక్కో రాయి చేతికిచ్చి, అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి మళ్ళీ పనిలో పడేవాడు.

కెంపూ నీలమూ ఒక కడుపున పుట్టినవే అని చెప్పింది ఆయనే. రెండూ కురువిందమే. లోపల కలిసిన దాన్ని బట్టి ఒకటి ఎర్రబడింది, ఇంకొకటి నీలమైంది. కెంపు సూర్యుడిది, నీలం శనిది. తండ్రీకొడుకులైనా వాళ్ళిద్దరికీ పడదు కాబట్టి ఆ రెండు రాళ్ళూ ఒకే చేతికి పెట్టుకోకూడదంటారు. భూమిలో మాత్రం అవి ఏ గొడవా లేకుండా పెరుగుతాయి. మెరుపు లేని కురువిందం మన జిల్లా మట్టిలోనూ దొరికేది, దాన్ని పొడి చేసి సాన పట్టడానికి వాడేవాళ్ళు. వేలికి పెట్టుకుంటే రాజయోగం, కత్తికి రుద్దితే పదును. రాయి మాత్రం ఒకటే.

పచ్చ సంగతి ఇంకా విడ్డూరం. పగుళ్ళు లేని పచ్చ దాదాపు ఉండదు. ఆ పగుళ్ళు కనపడకుండా అమ్మేవాళ్ళు నూనె పట్టిస్తారు. కొన్నవాళ్ళు దాన్ని వేడినీళ్ళలో వేసి శుభ్రంగా కడిగి, మర్నాడు కళ తప్పిందని మా నాన్న మీద పడి ఏడుస్తారు. బుధుడికి కోపమొచ్చిందట. కోపమొచ్చింది బుధుడికి కాదు, నాకు. ముత్యం గురించి అడిగితే హైదరాబాద్ ముత్యాలంటారు; హైదరాబాదులో సముద్రం ఎక్కడుందని ఎవరూ అడగరు. ఎక్కడెక్కడి ఆలుచిప్పల్లోవో తెచ్చి అక్కడ బెజ్జం వేసి దండ గుచ్చుతారు, అంతే. చల్లటి రాయి కాబట్టి కోపిష్ఠి వాళ్ళకి ముత్యం మంచిదని చెప్తారు. నాకు ఇద్దరు ముగ్గురు చెప్పారు.

అన్నింటికంటే నన్ను చిరాకు పెట్టేది మా అమ్మమ్మ ఊరి సంగతి. బూర్గంపాడు వెళ్ళే దారిలో, అడవి అంచున ఉంటుంది. వాన వెలిసిన తరువాత వాగు ఒడ్డున ఇసకలో ఎర్రటి గింజలు తేలేవి. దానిమ్మ గింజంత, కొన్ని శనగ గింజంత. ఎండకి ఎత్తిపట్టి చూస్తే లోపల నిప్పు ఉన్నట్టుండేది. గోమేధికానికి వరసకి చుట్టమయ్యే రాయి అది. ఎప్పుడో పాతకాలంలో ఆ గుట్టల రాళ్ళే పూసలుగా చెక్కబడి ఓడలెక్కి దూరదేశాలకి పోయేవని చదువుకున్నవాళ్ళు చెప్తారు. మేం వాటిని ఎండిన సొరబుర్రలో పోసి చంటిపిల్లలకి గిలక్కాయ చేసేవాళ్ళం. పెద్దవాళ్ళెవరూ వాటిని రాళ్ళ కింద లెక్కపెట్టలేదు. ఎవరో ఎక్కడి నుంచో దూది మధ్య పెట్టుకుని, గ్రహం పేరు చెప్పి తెస్తేనే మా వాళ్ళ దృష్టిలో అది రాయి.

ఇంత తెలిసిన నాకు, రాయి లేనిదే గడప దాటని మొగుడు దొరికాడు.

పెళ్ళైన కొత్తలో మా ఆయన అలాంటివాడు కాదు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత ఎత్తున్న బండి. నిచ్చెనెక్కి కేబిన్‌లో కూర్చోవాలి. షవల్ అనే పెద్ద యంత్రం బొగ్గు మీది మట్టి తవ్వి అందులో పోస్తే, తీసుకుపోయి మట్టి గుట్టలు పోసే డంపు యార్డు అంచున గుమ్మరించి రావాలి. ఆ బండంటే ఆయనకి ప్రాణం. మా పాపని ఎత్తుకున్నప్పుడు కూడా గేర్లు మార్చినట్టు ఊపేవాడు.

ఒక వానాకాలం డంపు అంచున మట్టి జారి ఆయన బండి వెనక చక్రం దిగబడింది. బండి వెనక్కి వొరిగి అలాగే ఆగిపోయింది. కింద లోయంత గుంట. తోటివాళ్ళు వచ్చి ఇంకో బండికి కట్టి లాగేదాకా ఆయన స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడట. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాడు. అందరం అదృష్టం అనుకున్నాం. మర్నాడు గనిలో మస్టర్ హాజరు పడి, బండి దాకా వెళ్ళి, నిచ్చెన రెండో మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి వచ్చేశాడు. ఆ తరువాతి రోజూ అంతే. చేతులు వణుకుతున్నాయన్నాడు. సిక్ లీవు పెట్టాడు. అది అయిపోయాక మామూలు సెలవు పెట్టాడు. పగలంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. డంపర్ పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

అప్పుడు మా అత్తమ్మ ఒక జ్యోతిష్యుణ్ణి పట్టుకొచ్చింది. భద్రాచలంలో ఉంటాడు, ఎవరో చెప్పారట. జాతకం చూసి, ఏలినాటి శని నడుస్తోంది, నీలం పెట్టుకుంటే తప్ప గండం గట్టెక్కదు అన్నాడు. ఆ నీలమూ ఆయన దగ్గరే ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది? నేను గొడవ చేశాను. మనసుకి భయం పట్టుకుంటే డాక్టర్ దగ్గరికి పోవాలి గానీ శని దగ్గరికి కాదన్నాను. మా అత్తమ్మ నన్ను చూసి, "నీ అయ్య ఉంగరాలకు గా రాళ్ళు కట్టే గదనే నిన్ను సాదింది" అంది. అది నిజమే, అదే మంట.

నీలం అందరికీ పడదని ఒక నమ్మకం. పడితే అందలం ఎక్కిస్తుంది, పడకపోతే అధోగతే. అందుకని ఉంగరం చేయించే ముందు మూడు రోజులు పరీక్ష పెడతారు. రాయిని నీలం గుడ్డలో చుట్టి జబ్బకి కట్టుకోవాలి, ఆ గుడ్డ విప్పకూడదు, వేరేవాళ్ళు ముట్టకూడదు. ఈ మూడు రోజులూ ఇంట్లో ఏది జరిగినా ఆ రాయి ఖాతాలోకే పోతుంది. పాలు విరిగితే అత్తమ్మ నా వైపు చూడటం మానేసి కొడుకు జబ్బ వైపు చూసింది. కరెంటు పోతే చూసింది. మధ్యాహ్నం కరెంటు వస్తే మళ్ళీ చూసింది. నాకు మిషను తొక్కుతుంటే దారం తెగినా అనుమానమే. ఆ మూడు రోజులు ఆ ఇంట్లో ఉన్నందుకు నాకే ఏదైనా రాయి ఇవ్వాలి.

మూడో రోజు పొద్దున ఆయన లేచి యూనిఫాం వేసుకున్నాడు. షిఫ్ట్‌కి వెళ్ళాడు, నిచ్చెన ఎక్కాడు, బండి నడిపాడు. సాయంత్రం ఒంటి నిండా మట్టితో ఇంటికొచ్చి, "ఎక్కిన" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే మా నాన్నకి ఫోన్ చేసి "నాన్నా, ఎక్కిండు" అని చెప్పాను. రాయి మీద కోపం మాత్రం అలాగే ఉంది. మనిషి కుదుటపడ్డాడు, మంచిదే. కానీ ఆ పేరు ఎవరికి పోయిందో చూడండి.

ఉంగరం మా నాన్నే చేశాడు. రాయి అడుగు చర్మానికి తగిలితేనే గ్రహం పనిచేస్తుందంటారు కాబట్టి ఇలాంటి ఉంగరాలకి కింద తెరిచి ఉంచుతారు. మా ఆయనకి మామూలుగా తగిలితే చాలలేదు. "మామా, గట్టిగ ఆనాలె. నాకు తెలుస్తుండాలె" అన్నాడు. మా నాన్న ఒకసారి ఆయన మొహం చూసి, సరేనని రాయిని ఇంకొంచెం కిందికి దించి కూర్చోబెట్టాడు. శనివారం పూట పాలలో ముంచి, నడిమి వేలికి పెట్టించారు. శని మారేదాకా తియ్యకూడదని షరతు. స్నానానికీ తియ్యకూడదు, పడుకునేటప్పుడూ తియ్యకూడదు. రంగు మరీ అంత నిండుగా ఉండేసరికి నాకు ఒక క్షణం అనుమానం వచ్చింది. మా నాన్న చేతి మీదుగా వచ్చిన రాయి కదా అని ఊరుకున్నాను.

ఏడాది పైనే గడిచింది. ఆయన షిఫ్ట్‌లు ఆయన చేశాడు, నా జాకెట్లు నేను కుట్టాను. బండి స్టార్ట్ చేసే ముందు బొటనవేలితో ఉంగరాన్ని లోపలికి నొక్కుకుంటాడట. తోటివాళ్ళు చెప్పి నవ్వేవాళ్ళు.

ఒకరోజు అన్నానికి కూర్చుని చెంచా అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి చెంచాతో తిన్నది లేదు. పెళ్ళి భోజనంలో ఐస్‌క్రీం కూడా వేలితో తినే రకం. నేను చెంచా ఇచ్చి చెయ్యి పట్టుకున్నాను. ఉంగరం చుట్టూ గుడ్డపీలిక చుట్టి ఉంది. విప్పితే వేలు వంకాయలా ఉబ్బింది. ఉంగరం కండలోకి దిగిపోయింది, పక్క నుంచి చీము కారుతోంది. కింద తెరిచిన చోట రాయి మొన రోజూ రాసుకుని రాసుకుని పుండు పడింది. దాని మీద చెమట, బొగ్గు ధూళి. ఆ పైన ఆయనకి షుగరు జబ్బు. ఎన్నాళ్ళ నుంచి దాచాడో.

"ఏందయ్యా ఇది? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తియ్యమంటవు" అన్నాడు.

అబద్ధమైతే కాదు.

కంపెనీ దవాఖానాకి తీసుకుపోయాను. డాక్టరమ్మ చూసి, "రింగ్ కట్ చెయ్యాలి. ఇవాళే. షుగర్ ఉన్న మనిషి, ఇంకా ఆలస్యం చేస్తే వేలు ఉండదు. పైకి పాకితే చెయ్యి సంగతి కూడా నేను చెప్పలేను" అంది. నర్సు చిన్న కటింగ్ మిషన్ పట్టుకుని వచ్చింది. మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"శని మారేదాక తియ్యొద్దన్నరు."

"వేలు పోతదంటున్నరు, వినపడ్తలేదా?"

"వేలు పోతే ఒక వేలే గద. ఉంగరం పోతే నేను బండెక్కలేను."

ఆ మాట ఆయన నాతో చెప్పలేదు, గోడకి చెప్పాడు. రేపు ఆ చెయ్యి పోతే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతారు, అప్పుడు ఎక్కడానికి బండే ఉండదు అని అరిచాను. లైన్లో ఉన్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఆయన జ్యోతిష్యుడికి ఫోన్ చేశాడు. ఆ మహానుభావుడు ఏవో లెక్కలు వేసి, వచ్చే శనివారం దాటాక మంచి ఘడియ ఉంది, అప్పుడు తియ్యమన్నాడు. ఫోన్ నేను లాక్కుని నాలుగు దులిపాను. ఏం దులిపానో ఇక్కడ రాయను. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

చివరికి ఆయనే ఒక మెట్టు దిగాడు. "కట్టిన చెయ్యే తెంపాలె. వేరేటోళ్ళు తెంపితే అరిష్టం. మామను పిలువు" అన్నాడు. ఆ నమ్మకం ఎక్కడిదో నాకు తెలియదు, కంసాలి ఇంట్లో పుట్టిన నేనే ఎప్పుడూ వినలేదు. వాదించే ఓపిక నాకు లేదు. మా నాన్నకి ఫోన్ చేశాను. పెనుబల్లి నుంచి బస్సెక్కి, సామాను సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. అంతసేపూ మా ఆయన బెంచీ మీద ఒక పక్క, నేను ఇంకో పక్క, మధ్యలో మా ఇద్దరి కోపం.

మా నాన్న ముందు వేలు చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. "బాబూ, నొప్పెడితే చెప్పు" అని, ఉంగరానికీ చర్మానికీ మధ్య పలచటి రేకు తోసి, సన్నటి రంపంతో కొయ్యడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ పక్కనే నిలబడింది. మా ఆయన కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం గొణుగుతున్నాడు. ఉంగరం తెగి విచ్చుకున్నప్పుడు పుండులో నుంచి నల్లటి చీము కారింది. ఆ చీములోనే రాయి ఊడి ట్రేలో పడింది. నర్సు దాన్ని దూదితో తుడిచి నా చేతిలో పెట్టింది. దవాఖానాలో కొన్ని రోజులు ఉంచుకుని, కుళ్ళిన కండ తీసేసి, కట్టు కట్టారు. వేలు దక్కింది, పై కణుపు దగ్గర సరిగా వంగదంతే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా నాన్న సామాను సంచి నా ముందు గదిలో ఉంది. ఆయన టీ తాగుతున్నాడు. నాకు ఎందుకో తోచింది, భూతద్దం తీసి కంటికి పెట్టుకుని ఆ రాయిని కిటికీ వెలుగులో చూశాను. లోపల గుండ్రటి బుడగలు. ఒకటి కాదు, ఆవాలు చల్లినట్టు. భూమిలో పెరిగిన నీలంలో సన్నటి దారాల్లాంటివి కనపడతాయి, రంగు వరసలు వరసలుగా ఉంటుంది. బుడగలు గాజులోనే ఉంటాయి. కరిగించి పోసిన వట్టి గాజు.

"నాన్నా, ఇది గాజు."

"అవునమ్మా" అన్నాడు, టీ ఊదుకుంటూ.

"నువ్వు చూసినవా అప్పుడు?"

"చూడకుండ ఎట్ల కడతా?"

ఊళ్ళో ప్లాస్టిక్ పగడానికి కూడా నేను ఒక మనిషితో పగ తెచ్చుకున్నాను. ఈయన సొంత అల్లుడి వేలికి గాజు పెంకు పొదిగి, అది కండలోకి దిగేదాకా ఊరుకున్నాడు. ఆ మాటే అన్నాను, ఇంకా గట్టిగానే అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కిండు అని నువ్వే గదమ్మా ఫోన్ చేసి ఏడ్చింది. ఎక్కినోణ్ణి ఏం చెప్పి దించమంటవు?" అన్నాడు. మళ్ళీ తనే, "లోతుగ కట్టకుండ ఉండాల్సింది. అది నా తప్పే" అన్నాడు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. నాకు ఇంకా తిట్టాలని ఉంది. ఆ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాను.

పుండు మానింది. డ్యూటీలో చేరొచ్చని ఫిట్ రాసిచ్చారు. చేరాల్సిన రోజు దగ్గర పడేకొద్దీ మా ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. తిండి సగమైంది. పాప బడి నుంచి వచ్చి మీద ఎక్కినా ఊపడం లేదు. ఒకరోజు లేచి కూర్చుని, "గా రాయి ఏడున్నది? ఎడమ చేతికి కట్టియ్యమని మామకు చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఒక చెయ్యి అయింది, ఇక రెండోది. అది గాజని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ భద్రాచలం ఆయన పరువూ, మా అత్తమ్మ నమ్మకమూ, మూడు రోజుల పరీక్షా అన్నీ ఒక్క మాటతో గంగలో కలిసిపోతాయి. ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉన్నానో. అప్పుడు ఆయన ఒళ్ళో పెట్టుకున్న చేతులు కనిపించాయి. రెండూ వణుకుతున్నాయి.

"నీ చేతికి ఇంక ఏ ఉంగరం వద్దు. డాక్టరమ్మ ఒప్పుకోదు" అన్నాను. "నేను పెట్టుకుంట. ఇల్లాలు పెట్టుకున్నా మొగునికి చెల్లుతది."

అది అప్పటికప్పుడు నేను అల్లింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. జ్యోతిష్యుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, భార్య అంటే అర్ధాంగి కదండీ, నిక్షేపంగా చెల్లుతుంది అన్నాడు. వేలు కుళ్ళిపోయినప్పుడు అడిగితే శనివారం ఘడియ చెప్పిన మనిషి. ఫోన్ పెట్టేశాక నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

మా ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు. "నువ్వు అందరికి మొకం మీదనే చెప్తవు గద. గిది చెప్పు. అసలుదేనా?"

"అసలుదే" అన్నాను.

"అవ్?"

"అవ్. మా నాన్న చూసే కట్టిండు."

మా నాన్న ఆ గాజు పెంకుని నా వేలి కొలతకి మళ్ళీ కట్టాడు, ఈసారి పైపైన తగిలేటట్టు. ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు. చేరాల్సిన రోజు పొద్దున మా ఆయన బూట్లు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, ఆ రాయిని బొటనవేలితో ఒకసారి నొక్కి వెళ్ళాడు. నిచ్చెన ఎక్కాడు. రోజూ ఎక్కుతున్నాడు.

ఇప్పుడు నా బతుకు చూడండి. మిషను ముందు కూర్చుంటే నడిమి వేలికి నీలం. కొలతలకి వచ్చినవాళ్ళు నా వేలు చూసి నవ్వు బిగబట్టుకుంటున్నారు. పక్క క్వార్టరామె పని కట్టుకుని వచ్చింది, ఇన్నాళ్ళకి జాకెట్ గుడ్డ పట్టుకుని. "ఏందక్కా, నువ్వు గూడనా? అసలుదేనా గది?" అని అడిగింది. అసలుదే అన్నాను. సూది కాల్చి పెట్టమంటావా అని ఆమె అడగలేదు, అంతవరకు మంచిది. కత్తెర పట్టుకుంటే ఉంగరం అడ్డం పడుతుంది. పట్టు గుడ్డ మీద దారాలు లాగుతుంది. విసుక్కోని రోజు లేదు.

మొన్న ఫస్ట్ షిఫ్ట్. ఆయన తయారవుతుంటే నేను చపాతీ పిండి తడపడానికి ఉంగరం తీసి కిటికీలో పెట్టాను. పిండి చేతులతోనే టిఫిన్ డబ్బా అందించాను. ఆయన హడావుడిలో నా చెయ్యి పట్టుకోలేదు, చూడలేదు. బయట ఆయన మోటారు సైకిల్ స్టార్ట్ అయిన చప్పుడు విన్నాక కిటికీ వైపు చూశాను. ఆ గాజులో బుడగలు నా కంటితో చూసినదాన్ని. అది గాజని ఆ కాలనీలో నా ఒక్కదానికే తెలుసు. అయినా ఆయన మలుపు తిరిగేలోపే వేలికి పడాలని కిటికీ దగ్గరికి పరుగెత్తి, పిండి వేలికే తోసేసుకున్నాను.